తీసేసిన వార్డు

ఆన్సెల్మ్‌ను మెట్ల మీదుగా దించిన నలుగురిలో నేనొకణ్ణి.

అది ఏప్రిల్ నెల. మా బిల్డింగులో లిఫ్టులు రెండూ ఆగిపోయి తొమ్మిది రోజులైంది. ఆన్సెల్మ్ జోకిమ్ ఉండేది పద్నాలుగో అంతస్తులో. డెబ్భై రెండేళ్ళ మనిషి, కిడ్నీలు పోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళాలి. వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు దుప్పటి బిగించి, ఇద్దరు ముందు, ఇద్దరు వెనక పట్టుకుని ప్రతి మలుపులో ఆగుతూ దించేవాళ్ళం. దించడం ఒక ఎత్తు, మళ్ళీ ఎక్కించడం ఒక ఎత్తు. మూడుసార్లు అలా చేశాం. నాలుగోసారి వెళ్తే ఆయన తలుపు తీయలేదు.

"పోండయ్యా!" అన్నాడు లోపల్నుంచి. "నాకోసం మీ నడుములు విరగ్గొట్టుకుంటారా? ఇవాళ్టికి వద్దు. ఒక్కసారి మానేస్తే చావనులే."

బతిమాలాం. ఆయన భార్య మార్వా లోపల్నుంచి తిట్టింది, ఏడ్చింది. ఆయన వినలేదు. మోయించుకోవడం ఆయనకు సిగ్గు. రెండు రోజుల తర్వాత అంబులెన్సు వాళ్ళు మెట్లెక్కి ఆయన్ని తీసుకెళ్ళారు. ఆ సాయంత్రమే పోయాడు. పాతిపెట్టి వచ్చిన మర్నాడు లిఫ్టులు నడిచాయి.

నా పేరు కెమ్‌రాజ్. గయానా నుంచి టొరంటో వచ్చి ముప్పై ఏళ్ళు. రొట్టెల ఫ్యాక్టరీలో పని, యూనియన్‌లో చిన్న బాధ్యత. లిఫ్టులు ఆగినన్నాళ్ళూ మా కౌన్సిలర్ ఆఫీసుకి రోజూ ఫోన్ చేసింది నేనే. "మీ ఫిర్యాదు రాసుకున్నామండీ" అనేవారు. రాసుకున్నారు, నిజమే. ఆ కౌన్సిలర్ దుర్మార్గుడేం కాదు. కానీ మా ఆరు టవర్లూ, లోయ అవతల పెద్ద పెద్ద తోటల మధ్య ఇళ్ళూ కలిపి ఆయనకి ఒకే వార్డు. అవతలివాళ్ళు చెట్టు కొమ్మ విరిగిందని ఫోన్ చేస్తే మధ్యాహ్నానికల్లా మనిషి వచ్చేవాడు. మా ఇంటి ఓనరు ఒక కంపెనీ. దాని ముఖం మేమెవరం చూడలేదు. కంపెనీ మీదకి నగరం ఇన్‌స్పెక్టర్‌ని పంపాలంటే కౌన్సిలర్ గట్టిగా అడగాలి. మా కోసం గట్టిగా అడిగే గొంతు లేదు.

అయితే ఆ ఏడు ఒక ఆశ పుట్టింది. నగరం నాలుగేళ్ళపాటు సభలు పెట్టి, జనాన్ని లెక్కేసి, వార్డుల్ని నలభై ఏడు చేసింది. కొత్త గీతల్లో మా ఆరు టవర్లూ, చుట్టుపక్కల వీధులూ కలిసి విడిగా ఒక వార్డయ్యాయి. అక్టోబరులో ఎన్నికలు.

మా సభలు నేలమాళిగలో బట్టలు ఉతికే గదిలో జరిగేవి. మే నెల మొదట్లో అక్కడ హోదన్ వార్సమే లేచి నిలబడింది. సోమాలియా పిల్ల, తొమ్మిదో అంతస్తు, స్కూలు బస్సు నడుపుతుంది. లిఫ్టుల మీద అర్జీ పట్టుకుని ఇంటింటికీ తిరిగింది ఆమే.

"నేను నిలబడతాను. గెలుస్తానో లేదో తెలీదు. కానీ ఈ గదిలో ఉన్నవాళ్ళు వచ్చి తలుపు కొడితే తీసే కౌన్సిలర్ ఒకరుండాలి."

"తీస్తే?" అన్నాడు రెజాఉల్. పదకొండో అంతస్తు, టాక్సీ నడుపుతాడు, నోటి దురుసు. "తలుపు తీసి కాఫీ ఇచ్చి పంపిస్తావు. వాళ్ళకి కావాలంటే ఆటే మార్చేస్తారు తల్లీ. నువ్వింకా బస్సు హారన్ కొట్టుకుంటూ ఉంటావు."

"నువ్వేం చేస్తావు మరి?" అంది హోదన్.

"నేనా? టాక్సీలో కూచుని నవ్వుతాను."

మూలనున్న మార్వా ఆంటీ లేచింది. భర్త పోయాక ఆమె సభకి రావడం అదే మొదలు. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్ళు దుప్పట్లు ఉతికి రిటైరైన మనిషి, సెయింట్ లూసియా నుంచి వచ్చింది.

"నవ్వు నాయనా, నవ్వు," అంది. "మా ఆయన ఉన్నప్పుడు నేనూ మీటింగులంటే నవ్వేదాన్ని. అమ్మాయ్ హోదన్, కాగితాలు ఇలా ఇవ్వు. ఏ అంతస్తు నుంచి మొదలెట్టమంటావు?"

ఆ వేసవంతా ఆమె ప్రతి తలుపూ కొట్టింది. మోకాళ్ళ నొప్పులతో పైనుంచి కిందికి ఒక్కో అంతస్తూ దిగుతూ వచ్చేది. తలుపు తీయనివాళ్ళతో తలుపులోంచే మాట్లాడేది. "ఓటెయ్యకపోతే మానె, ముందు నీ గోడలో నీళ్ళెక్కడ కారుతున్నాయో చెప్పు" అనేది. అవన్నీ రాసుకున్న ఆమె పుస్తకం నిండిపోయింది.

జులై ఇరవై ఏడు, శుక్రవారం. నామినేషన్లకి ఆఖరి రోజు. ఫ్యాక్టరీలో ట్రేలు తోస్తుంటే రేడియోలో వార్త వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం మా నగర కౌన్సిల్‌ని కుదించేస్తోందట. నలభై ఏడు వార్డులు కావు, ఇరవై ఐదే. ఎన్నికల ప్రచారం నడుమ! ఆ పార్టీ జూన్‌లో అధికారంలోకి వచ్చింది. ఓట్లడిగినప్పుడు ఈ ముక్క ఎవరి దగ్గరా అనలేదు. మా వార్డు పుట్టి ఇంకా ఒక్క ఓటు కూడా చూడలేదు, అప్పుడే పోయింది.

హోదన్‌కి ఫోన్ చేశాను. వేసవి శిబిరం పిల్లల్ని దించేసి, బస్సు పక్కకి ఆపుకుని ఏడుస్తోంది.

"అలా చేయొచ్చా అన్నా? మధ్యలో?"

"చేయకూడదు."

"చేశారుగా!"

ఫోన్ పెట్టేసి మళ్ళీ ట్రేలు తోశాను.

ఆగస్టులో చట్టం చేసేశారు. మాలాంటివాళ్ళు, మాకంటే పెద్దవాళ్ళు, నగరం కూడా కోర్టుకెక్కారు. మేం ఆశ చంపుకోలేక ప్రచారం ఆపలేదు. జనం తలుపు తీసి అడిగేవాళ్ళు, "ఇంతకీ మా వార్డు ఏది?" అని. "ఉందో లేదో జడ్జిగారు చెబుతారు" అనేవాళ్ళం. అలా చెప్పి ఓటడగడం ఎంత నవ్వులపాటో చెబితే తెలీదు.

సెప్టెంబరు పది, సోమవారం పొద్దున తీర్పు వచ్చింది. ఎన్నికల నడుమ ఇలా చేయడం రాజ్యాంగానికి విరుద్ధం, చట్టం చెల్లదు. నలభై ఏడు వార్డులూ ఉన్నాయి!

బట్టలు ఉతికే గదిలో పండగే. మార్వా ఆంటీ మేక మాంసం కూర పొయ్యి మీద పెట్టేసింది. హోదన్ తల్లి సమోసాలు వేయించి పంపింది. రెజాఉల్ కూడా టాక్సీ ఆపి వచ్చి ప్లేటు అందుకున్నాడు. "సరే, ఒక్కసారికి నేనే తప్పు," అన్నాడు నోట్లో సమోసాతో. అందరం ఘొల్లున నవ్వాం.

కూర ఉడికేలోపే ముగిసింది. గోడ మీది టీవీలో ప్రభుత్వం మాట వచ్చింది. జడ్జిని ఎవరో నియమించారు, మమ్మల్ని జనం ఎన్నుకున్నారు, కాబట్టి తీర్పును పక్కనపెట్టి అదే చట్టం మళ్ళీ చేస్తాం.

"కోర్టు కొట్టేసిందాన్ని ఎలా చేస్తారు?" మార్వా ఆంటీ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

హోదన్ ఆమె వైపు తిరిగింది. "రాజ్యాంగంలోనే ఒక క్లాజుంది ఆంటీ. హక్కులన్నీ రాసి, చివర్లో ఒక మాట పెట్టారు. ఈ హక్కులు ఉన్నప్పటికీ ప్రభుత్వం చట్టం చేసుకోవచ్చని. ఈ రాష్ట్రంలో ఇంతవరకూ ఎవరూ దాన్ని ముట్టుకోలేదు."

"ఉన్నప్పటికీ?"

"అవును."

"అంటే ఉన్నాయా, లేవా?"

రెజాఉల్ ప్లేటు కింద పెట్టాడు. ముందే చెప్పానని అనలేదు. అని ఉంటే బాగుండేది, తిట్టడానికైనా ఒకడు దొరికేవాడు.

బుధవారం ఆ కొత్త బిల్లు శాసనసభలో పెడుతున్నారని తెలిసి పదిహేనుమందిమి బస్సు పట్టుకుని వెళ్ళాం. సంచులు తీసుకున్నారు, ఫోన్లు తీసుకున్నారు. గ్యాలరీలో మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు, లేచి నిలబడకూడదు. మా గురించే మాట్లాడతారు, మేం మాత్రం నోరు మూసుకుని వినాలి. కింద మెత్తటి కుర్చీల్లో మనుషులు. కొందరు బల్లలు బాదుతున్నారు, కొందరు ఒకరితో ఒకరు నవ్వుకుంటున్నారు.

మార్వా ఆంటీ నా పక్కనే ఉంది. ఎడమ చేతికి ఆన్సెల్మ్ గడియారం, వదులై మోచేతి దాకా జారుతోంది. ఆమె లేస్తుందని నాకు తెలీదు. లేచింది.

"అయ్యలారా! మా ఆయన..."

అంతే. గుమస్తా ఎవరో గొంతెత్తాడు, సభాపతి గ్యాలరీ ఖాళీ చేయమన్నాడు. మాలో ఇద్దరు ముగ్గురు కేకలేశారు, నేనూ వేశాను. ఎక్కడెక్కడినుంచో వచ్చిన ముసలివాళ్ళు గ్యాలరీ నిండా లేచి "సిగ్గు! సిగ్గు!" అన్నారు. కాపలావాళ్ళు ఇద్దరొచ్చి మార్వా ఆంటీ చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. ఆమెకి అరవై తొమ్మిదేళ్ళు. గడియారం బేడీ కింద నలిగింది.

"ఆమెను వదలండి! పెద్దావిడ!" అని నేను అరుస్తున్నాను. కాపలావాడు కుర్రాడే. "సార్, నేను నా పని చేస్తున్నాను సార్" అంటున్నాడు. వాడి ముఖంలో కూడా చెమట.

గంట తర్వాత ఒక కాగితం ఇచ్చి బయట వదిలారు. ఆ ఆవరణలో మళ్ళీ అడుగు పెడితే కేసు. తిరిగొచ్చే బస్సులో ఆమె మణికట్టు రుద్దుకుంటూ కూర్చుంది. నా వైపు తిరిగింది.

"మాట పూర్తి కాలేదురా కెమ్. 'మా ఆయన' దాకానే వచ్చాను. ఆయన పేరు కూడా చెప్పలేదు."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆమె ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

చివరికి వాళ్ళకి ఆ క్లాజు వాడాల్సిన అవసరం కూడా రాలేదు. వారం తిరిగేసరికి పై కోర్టు ఆ జడ్జి తీర్పును ఆపేసింది. ఇది అన్యాయమా కాదా అన్నది మా ముందున్న ప్రశ్న కాదు, రాజ్యాంగం ఒప్పుకుంటుందా లేదా అన్నదే ప్రశ్న, అంది. మళ్ళీ నామినేషన్ వేసుకోవడానికి రెండు రోజులు ఇచ్చారు.

గదిలో ఆ రోజు గొడవే గొడవ. కొందరు మానేద్దామన్నారు. మా టవర్లు మళ్ళీ లోయ అవతలి ఇళ్ళతో కలిశాయి, ఇంకో పక్క వార్డూ కలిసింది. లక్ష దాటిన జనం. ఇద్దరు పాత కౌన్సిలర్లే ఆ ఒక్క కుర్చీ కోసం కొట్టుకుంటున్నారు.

"ఈ పోస్టర్లేం చేయను?" అంది హోదన్. వాటి మీద పాత వార్డు నంబరుంది.

మార్వా ఆంటీ కత్తెర తీసుకుని ఒక్కో పోస్టర్ అడుగున నంబరున్న పట్టీ కత్తిరించడం మొదలెట్టింది. కాసేపటికి ఇంకొందరు కత్తెరలు తెచ్చుకున్నారు. మాట్లాడకుండా కత్తిరించాం. అదే మా నిర్ణయం.

ఓడిపోయాం. మూడో స్థానం. మా ఆరు టవర్లలో హోదన్‌కే ఎక్కువ ఓట్లొచ్చాయి. వార్డు మా ఆరు టవర్లే అయ్యుంటే కథ వేరు. అయ్యుంటే అన్న మాటతో కథలు నడవవు. గెలిచినాయన లోయ అవతలి మనిషి. హోదన్ మర్నాడు తెల్లారే బస్సు తీసింది. పిల్లలు స్కూలుకి పోవాలి కదా.

జనవరిలో బాయిలర్ పగిలింది. బయట సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద. మా గదుల్లో నోటి ఆవిరి కనబడుతోంది. కంపెనీవాడు విడిభాగం రావాలన్నాడు. కౌన్సిలర్ ఆఫీసుకి ఫోన్ చేశాను. మెసేజీల పెట్టె నిండిపోయింది, తర్వాత ప్రయత్నించండి, అంది యంత్రం. రెండో రోజూ అదే. మూడో రోజూ అదే.

నాలుగో రోజు శనివారం పొద్దున ఎవరు మొదట దిగారో నాకు తెలీదు. సభ పెట్టలేదు, కాగితం పంచలేదు. కోట్లు తొడుక్కుని, పసిపిల్లల్ని దుప్పట్లలో చుట్టుకుని, జనం కింది అంతస్తులో కంపెనీ ఆఫీసు ముందు చేరారు. మేనేజరు లోపల్నుంచి గడియ పెట్టుకున్నాడు. మేం వరండాలో, లాబీలో, మెట్ల మీద కూర్చున్నాం. పక్క టవర్లవాళ్ళూ వచ్చారు. బయట మంచులో కూడా వరస కట్టారు.

పోలీసులు ఇద్దరు వచ్చారు. పెద్దాయన చుట్టూ చూశాడు.

"ఇలా అందరూ ఉంటే కుదరదు. మీ తరఫున మాట్లాడేదెవరు? ఆ ఒక్కరు ఉండండి, మిగతావాళ్ళు ఇళ్ళకి పోండి."

అందరం హోదన్ వైపు చూశాం. హోదన్ నోరు తెరిచేలోపు మార్వా ఆంటీ గోడ పట్టుకుని లేచింది.

"ఒకరుండేవారు బాబూ. ఆ కుర్చీ తీసేశారు. ఇంక మా అందరి మాటా వినాల్సిందే. పుస్తకం తియ్యి."

"అమ్మా, వెళ్ళకపోతే అరెస్టు చేయాల్సొస్తుంది."

"చెయ్యి. ముందు రాసుకో. మార్వా జోకిమ్. పద్నాలుగో అంతస్తు. మా ఆయన పేరు ఆన్సెల్మ్ జోకిమ్..." ఈసారి ఆమెను ఎవరూ ఆపలేదు. మొదట్నుంచి చివరిదాకా చెప్పింది. పోలీసాయన రాశాడు. రాయక ఏం చేస్తాడు, రెండొందల మంది ఆయన పెన్ను వైపే చూస్తున్నారు.

ఆమె కూర్చోగానే హోదన్ లేచింది. తర్వాత నేను. తర్వాత ఒక ఫిలిప్పీన్స్ నర్సు. మధ్యాహ్నం అయింది. బాయిలర్ బాగవలేదు, మేనేజరు తలుపు తీయలేదు, ఇంకో రెండు పోలీసు బళ్ళొచ్చాయి. మాలో ఎవరికీ ఇది గెలుపనిపించలేదు. చలికి కాళ్ళు మొద్దుబారాయి. అయినా ఎవరూ లేవలేదు.

జనంలోంచి తోసుకుంటూ రెజాఉల్ ముందుకొచ్చాడు. టాక్సీ తాళాలు చేతిలోనే ఉన్నాయి.

"రెజాఉల్ కరీం, పదకొండో అంతస్తు," అన్నాడు. "పదిహేడేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. పౌరసత్వం రాలేదు, నాకు ఓటు లేదు. అది కూడా రాసుకో."