నోటితో చెప్పవలసిన పేరు

ఆ రూలు దేవనాథనే రాశాడు. పాకాల దారిలో ఉన్న ఒక తాలూకా కచేరిలో ఆయన హెడ్ గుమాస్తా. భూమి రికార్డుల నకళ్లు బ్రోకర్ల చేతుల్లో పడుతున్నాయనీ, ఎవరి చేను ఎవరిదో తెలియని కిరాయి మనుషుల చేత దరఖాస్తులు పెట్టించి లాగేస్తున్నారనీ తహశీల్దారు కేకలేస్తే, పాత పద్ధతులు మార్చే పని ఈయన నెత్తిన పడింది. కూర్చుని చక్కగా రాశాడు. అందులో ఆయనకు మహా ముచ్చటైనది ఒకటుంది. పట్టాదారు పేరు దరఖాస్తుదారే కిటికీ ముందు స్వయంగా నోటితో చెప్పాలి, పక్కవాళ్లు అందించకూడదు. కిరాయి మనిషి అక్కడే నీళ్లు నములుతాడు. తహశీల్దారు భేష్ అన్నాడు. ఆ వారమంతా దేవనాథన్ కాళ్లు నేలమీద ఆనలేదు.

శుక్రవారం మునిలక్ష్మి వచ్చింది. ఆమె మొగుడు పక్షవాతంతో తిరుపతి ఆసుపత్రిలో పడి ఉన్నాడు. అదే అదనుగా దాయాదులు అతని మెట్టచేను తమదని దావా వేశారు. సోమవారం చిత్తూరులో వాయిదా. చేను ఎవరి సాగులో ఉందో చూపే అడంగల్ నకలు ఆ రోజుకు అందకపోతే చేను పోయినట్టే. వాళ్లకున్నదంతా ఆ చేనే.

దేవనాథన్ పట్టాదారు పేరు అడిగాడు. ఆమె తల వంచుకుంది. వెంట వచ్చిన తమ్ముడు నోరు తెరవబోతే ఈయన చెయ్యెత్తి ఆపాడు.

“కట్టుకున్నోని పేరు నేనెట్ట సెప్పేది సామీ? ఆయప్ప సావుబతుకుల్లో ఉండాడు. పేరెత్తితే ఆయుసు తగ్గిపోదా?” అంది మునిలక్ష్మి. మళ్లీ తనే, “కొండెక్కే జనమంతా అరస్తారే, ఆ పేరే. నేను కొండకు పోయినా నోరు తెరవను. దండం పెట్టుకుంటా, అంతే” అంది.

గోవిందస్వామి. పేరు ఎదుటి దరఖాస్తు మీదే ఉంది. కానీ వరండాలో బ్రోకరు కుప్పుస్వామి బీడీ కాలుస్తూ ఇటే చూస్తున్నాడు. ఒక్కరికి సడలిస్తే పైకి అర్జీ పెట్టి పరువు తీస్తాడు. దేవనాథన్ రూలు రూలేనన్నాడు. ఆమె కిటికీ మూసేదాకా నిలబడి వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్లినా ఆమె మొహమే కళ్లముందు ఆడుతోంది. కాఫీ తెచ్చిన భార్య అమృతవల్లిని, నా పేరు ఒక్కసారి చెప్పు అని అడిగాడు. ఆమె ముందు నవ్వింది, తర్వాత దీపం పెట్టే వేళ ఇవేం మాటలని కోప్పడి చెంపలు వేసుకుంది. రేషన్ షాపులో కూడా మొగుడి పేరు పక్కింటి పద్మాక్షి చేత చెప్పించే మనిషి ఆమె. ఇన్నేళ్లుగా సొంత ఇంట్లో జరుగుతున్న సంగతి రూలు రాసేటప్పుడు ఈ పెద్దమనిషికి తట్టలేదు. తన పేరు తాను గట్టిగా చెప్పుకునే మగవాడికి ఎందుకు తడుతుంది? ఆయనకు సిగ్గేసింది. కాఫీ చల్లారిపోయింది.

శనివారం పొద్దున్నే కచేరికి పోయి రూలు సవరించాడు. సుమంగళులు భర్త పేరు చెప్పనక్కరలేదు, బంధువులు చెప్పవచ్చు. తహశీల్దారు చేత సంతకం పెట్టించి కిటికీ పైన అంటించాడు. మునిలక్ష్మికి నకలు తానే రాసి, సీలు వేసి, వాళ్ల ఊరి తలారి చేతికిచ్చి పంపాడు. ఇంటికి తాళం ఉందని తలారి దాన్ని తిరిగి తెచ్చాడు. సోమవారం గడిచిపోయింది.

ఆ తర్వాత ఎప్పటికో ఆమె వచ్చింది, తమ్ముడు లేకుండా. దేవనాథన్ చటుక్కున లేచి సొరుగులోంచి నకలు తీశాడు. తల ఎత్తేసరికి ఆమె బోసి నుదురు కనిపించింది.

“గోవిందస్వామి” అంది ఆమె, వరండా అంతా వినబడేట్టు. “ఇప్పుడు సెప్పొచ్చు సామీ. సనివారం తెల్లారకముందే పోయినాడు. మేము తిరపతిలోనే కర్మల్లో ఉంటే చిత్తూర్లో వాయిదా అయిపాయె. సేను వాళ్లకే రాసిచ్చినారు. పైకోర్టుకు పోవల్ల, నకలు ఇయ్యి.”

దేవనాథన్ నకలు కిటికీలోంచి అందించాడు. ఆమె దాన్ని కొంగులో చుట్టుకుంది. ఆమె తలకు పైగా గోడమీద కొత్త రూలు ఉంది. అది సుమంగళులకు మాత్రమే.