మసి పట్టిన గొట్టం

వరహాలు వ్యాన్ తెచ్చి గాజువాకలో మెకానిక్ గౌస్ షెడ్డు ముందు ఆపేసరికి, గౌస్ చేస్తున్న పని వదిలేసి లేచి నిలబడ్డాడు. పాతిక రోజుల క్రితం వరహాలు భార్య చిట్టమ్మ పోయినప్పుడు వాళ్ల ఊరు యారాడ వెళ్లి, గుమ్మం దాకా నడిచి, స్నేహితుడి మొహం చూడలేక వెనక్కి తిరిగి వచ్చేశాడు.

"కార్బన్ కిలీన్ సెయ్యాలి బావా, ఇంజిన్ల మసి తీసెయ్యాలి," అన్నాడు వరహాలు. స్టూలు లాక్కుని ఇంజిన్‌కి ఎదురుగా కూర్చున్నాడు.

చిట్టమ్మ పోకముందు కూడా ఒకసారి ఇదే పని మీద వచ్చాడు. చేపలు వేసుకుని కొండెక్కుతుంటే బండి నల్లటి పొగ కక్కుతోందనీ, లాగడం లేదనీ చెప్పాడు. అప్పుడు గౌస్ చేతిలో ఒక ఆఫీసరు గారి కొత్త కారుంది. బానెట్టయినా ఎత్తకుండా, "పాత బండికి పొగ రాక ఏటొస్తాది? ఇంకో ఏడాది లాగుతాది, ఎల్లు," అని పంపేశాడు.

బండి పన్నెండు రోజులు లాగింది. పదమూడో రోజు పొద్దున్న, గుండెనొప్పితో మెలికలు తిరుగుతున్న చిట్టమ్మతో కొండ మలుపులో ఆగిపోయింది. వేరే బండి దొరికి ఆసుపత్రికి చేరేసరికే ఆమె ప్రాణం పోయింది.

గౌస్ బోల్టులు విప్పి, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం ఊడదీశాడు. మూడు వేళ్లు పట్టాల్సిన దారిలో చిటికెన వేలు దూరడం లేదు. మసీ ఆయిలూ కలిసి తారులా గట్టిపడ్డాయి. వరహాలుకి కనపడకుండా పక్కకి తిప్పబోయాడు.

"ఇలా సూపించు."

చూపించక తప్పలేదు. వరహాలు వేలు పెట్టి చూశాడు. అంటిన నలుపు తుడుచుకోలేదు.

గౌస్ గొట్టాన్ని డీజిల్‌లో నానబెట్టి గీకాడు, వైరు బ్రష్షుతో రుద్దాడు. మసి పెళ్లలు పెళ్లలుగా రాలుతోంది. మధ్యాహ్నానికి లోపలి లోహం బయటపడింది. ఇక ఉండబట్టలేకపోయాడు.

"బావా, ఆ రోజు నాను బానెట్టెత్తి సూసుంటే..."

"తెల్సు." వరహాలు గొంతు పెంచలేదు. "ఊర్లో మెకానిక్కులు లేక నీ కాడికి తేలేదు. నీ సేత్తోనే తీయించాలని తెచ్చాను. ఒక్క పూట పనేనని నువ్వే సూడాలని."

గౌస్ గొట్టం బిగించి తాళం తిప్పాడు. పొగ లేకుండా ఇంజిన్ అందుకుంది. పక్క టైర్ల షాపు భీమశంకరరావు తొంగిచూసి, "ఏటి గౌసూ, కొత్త బండిలా సేసీసినావ్!" అన్నాడు.

గౌస్‌కి ఆ మెప్పు కొరడాతో కొట్టినట్టు తగిలింది. వరహాలు ఎక్కి కూర్చుని, వెనక్కి చూడకుండా రోడ్డెక్కాడు.

ఆ తర్వాత చేపల లోడుతో ఆ వ్యాన్ రోజూ షెడ్డు ముందునుంచే వెళ్లేది. ఒక్కనాడూ ఆగలేదు.