చెవి మెచ్చిన ఆయిలు

డబ్బా మీద రాసింది చదివి ఆయిలు పోసేవాడు మేస్త్రీ కాడు, గుమస్తా అని పెద్ద మేస్త్రీ నమ్మకం. ఏ ఇంజనుకి ఏ ఆయిలు పడుతుందో ఆ ఇంజనే చెబుతుందనేవాడు. చెప్పించుకోవడం ఆయనకి తెలుసు. ఇంజను నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవరు కొన దాని మీద ఆనించి, పిడి చెవికి నొక్కిపెట్టి, కళ్ళు మూసుకునేవాడు. ఆ కాసేపూ షెడ్డులో ఎవడైనా దగ్గాడో, వాడికి ఆ రోజు తిట్లతోనే కడుపు నిండేది. తర్వాత కళ్ళు తెరిచి "మూడో వాల్వు వదులు" అనో, "దీనికింకా చిక్కటిది పోయాలి" అనో తేల్చేవాడు. విప్పి చూస్తే అదే. జనం ఆయన్ని చెవి మేస్త్రీ అన్నారంటే ఊరికే అనలేదు.

ఆయన తమ్ముడు చిన్నోడు. యాభై దగ్గరపడి, నెత్తిన సగం జుట్టు సెలవు పుచ్చుకున్నాక కూడా చిన్నోడే. పెళ్ళి మాట వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక ఇంజను అడ్డొచ్చింది, తర్వాత ఆ మాట రావడమే మానేసింది. షెడ్డు వెనక గదిలో పడక, వదిన చేతి భోజనం, అన్న నోటి తిట్లు, అదీ అతని సంసారం. విప్పడం, బిగించడం, తుడవడం అతని పనులు. డబ్బాల మీద సన్నక్షరాలు చదవడం అతని దురలవాటు. "నీవి చెవులా చేటలా?" అని అన్న నెత్తిన మొట్టని రోజు లేదు. చిన్నోడు నోట్లో నాలుక లేని మనిషి. ఆ మొట్టికాయల్లోనే పని నేర్చుకున్నానని తనే చెప్పుకునేవాడు.

పళ్ళ డాక్టరమ్మ కారు వాళ్ళ షెడ్డుకి రావడం అన్నదమ్ములిద్దరికీ గొప్పే. ఆవిడ నాన్న కుర్రతనంలో పందాలకి తోలిన కారు, ఎర్రది, ఇద్దరే పట్టే బుల్లిది. దాని ఇంజను మళ్ళీ కట్టడానికి ఏడాది పట్టింది. అందులో వాల్వుల్ని తెరిచి మూసే కమ్మీ ఒకటుంది, కామ్ షాఫ్ట్ అంటారు. దానికి జోడు ఈ భూమ్మీద ఎక్కడా దొరకదని, అడిగిన ప్రతివాడూ అదే జవాబు చెప్పాడు. ఉన్నదాన్నే నునుపు చేసి పెట్టారు. అది అరిగితే ఇంజను పోయినట్టే. ఇక దాని ఆయుష్షు పోసే ఆయిల్లో ఉంది. డాక్టరమ్మ కూడా అదే అంది. "మంచి ఆయిలేదో మీరే చూడండి మేస్త్రీగారూ, చలికాలంలో పాత కార్లన్నీ ఊరేగింపుగా కొండదారి ఎక్కుతాయట, మా నాన్న కారు కూడా ఎక్కాలి."

ముందు పాత రకం చిక్కటిది పోశారు. పొద్దున్నే స్టార్టు చేస్తే ఇంజను మూలిగింది. స్క్రూడ్రైవరు పెట్టి విన్న అన్న, వాల్వుల్ని తట్టే టాపెట్ల దగ్గర టకటక ఉందన్నాడు. ఉంది, చిన్నోడికీ వినిపించింది. తర్వాత మధ్యరకం చిక్కదనంది, జింకు బాగా ఉన్నది పోశారు. పాత ఇంజన్లలో ఇనుమూ ఇనుమూ నేరుగా ఒరుసుకునే చోట జింకు ఒక పొరలా అడ్డం నిలబడుతుంది. ఆ సంగతి చిన్నోడు డబ్బా మీదే చదివాడు. టకటక దాదాపు అణిగింది. పర్వాలేదుగానీ ఇంకా మంచిది ఉంటుందేమో చూద్దామన్నాడు అన్న.

ఆ మధ్యలోనే అన్నకి జ్వరం వచ్చింది. మంచం పట్టి, సూదులు పొడిపించుకుని లేచాడు. జ్వరం పోతూ పోతూ ఏం పట్టుకుపోయిందో ఎవరూ చూసుకోలేదు.

లేచిన వారానికే కొత్త కార్ల ఆయిలు ఒకటి, నీళ్ళలా పల్చటిది, మెరిసే డబ్బాలో ఉన్నది తెప్పించాడు. "అన్నా, ఇందులో జింకు లేదు" అన్నాడు చిన్నోడు. "లేనిది నీ బుర్రలో" అన్నాడు అన్న. పోశారు, స్టార్టు చేశారు, వేడెక్కనిచ్చారు. అన్న స్క్రూడ్రైవరు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆ కళ్ళలో తడి ఉంది.

"ఒక్క చప్పుడు లేదురా. పట్టులా ఉంది. ఇన్నేళ్ళలో ఇలాంటి ఇంజను వినలేదు."

చిన్నోడు అన్న వంక చూశాడు, ఇంజను వంక చూశాడు. ఇంజను గిన్నెలు కడుగుతున్నట్టు చప్పుడు చేస్తోంది.

మొదట తన చెవుల్నే అనుమానించాడు, పాపం. చేటలని అన్ని సార్లు అనిపించుకున్నవాడు ఇంకేం చేస్తాడు? భోజనం వేళ దాకా ఆ అనుమానంతోనే తిరిగాడు. తర్వాత, అన్న బల్ల మీదికి వంగి ఆకురాయితో ఏదో రాకుతుంటే, వెనకాల నుంచుని ఒక పానా సిమెంటు గచ్చు మీదికి వదిలేశాడు. అది ఖంగుమంది. అన్న తల తిప్పలేదు. ఇంకొకటి వదిలాడు. అన్న కూనిరాగం తీసుకుంటూ రాకుతూనే ఉన్నాడు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఈ మధ్య ఎవరొచ్చి ఏం చెప్పినా అన్న కాస్త ముందుకు వంగి, వాళ్ళ పెదాల వంక చూసి, తలూపి, "ఆఁ... ఆఁ. చూద్దాం" అంటున్నాడు. బేరం అడిగినా చూద్దామే, ఒంట్లో ఎలా ఉందని అడిగినా చూద్దామే. పెద్దరికం పెరిగి మాట తగ్గిందని జనం అనుకున్నారు.

వదినకి చెబుదామని, షెడ్డుని ఆనుకున్న వంటింటి గుమ్మం దాకా వెళ్ళి నసిగాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టింది.

"తెలుసులే చిన్నోడా. నేను వెనక నుంచి పిలిస్తే పలక్క ఎన్నాళ్ళో అయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని ఒకరోజు వేళాకోళం చేశాను. అదీ వినపడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు."

"డాక్టరుకి చూపిద్దాం వదినా."

"చూపించాను. పొట్టలో మంట అని చెప్పి తీసుకెళ్ళి, పక్కన చెవి డాక్టరు చేత కూడా చూపించాను. లోపలి నరం పోయింది, మళ్ళీ రాదన్నాడు. సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయట, తర్వాత మిగతావీ పోతాయట. ఆయనతో ఆ మాట చెప్పలేదు. చెవిలో గుబిలి తీశారు, ఇక బాగుంటుందన్నాను." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు చెప్పకు. ఆ చెవి లేదని తెలిస్తే ఆ మనిషి ఉండడు. నీకు దండం పెడతాను."

"మరి కారో?"

"కారు సంగతి నువ్వు చూసుకో. ఆయన సంగతి నేను చూసుకుంటా."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చిన్నోడు రెండు రోజులు ఆలోచించి, తన బుర్రకి తగిన ఉపాయం ఒకటి పట్టాడు. ఆదివారం మధ్యాహ్నం అన్న కునుకు తీస్తుంటే, కారు కింద దూరి పల్చటి ఆయిలంతా దించేసి, డబ్బాలో మిగిలిందీ పారబోసి, జింకు ఉన్న ఆయిలు పోశాడు. ఖాళీ అయిన మెరిసే డబ్బాని మళ్ళీ అలమరలో ముందు వరసలో పెట్టాడు. స్టార్టు చేసి విన్నాడు. టకటక అణిగింది. కారు బతుకుతుంది, అన్న చెవి పరువు దక్కుతుంది, చెప్పాల్సిన మాట చెప్పకుండానే గడిచిపోతుంది. జీవితంలో మొదటిసారి తనకి తెలివుందనుకున్నాడు. ఆ సాయంత్రం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు కూడా.

అన్నకి పోయింది చెవి. వేళ్ళు పోలేదు.

మర్నాడు పొద్దున్నే అలవాటుగా ఇంజన్లోంచి ఆయిలు మట్టం చూసే గేజి పుల్ల తీసి, దాని చివర చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాడు. ఆగాడు. మళ్ళీ రుద్దాడు, వాసన చూశాడు. నేరుగా అలమర దగ్గరికి వెళ్ళి మెరిసే డబ్బా ఎత్తాడు. అది గాలిలా పైకి లేచింది.

"ఎవరికి అమ్మావురా?"

చిన్నోడికి అర్థం కావడానికి కాస్త పట్టింది. ఖరీదైన ఆయిలు దించి అమ్ముకుని, చవకది పోశాడని అన్న అనుకుంటున్నాడు.

"అమ్మలేదన్నా..."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా వేళ్ళు పట్టుకున్నాయి. అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా! షెడ్డే నీదంటే ఇచ్చేవాణ్ణి. నమ్మి బండి వదిలిన ఆడమనిషి సొమ్మా నీకు దొరికింది? ఎందుకు మార్చావో చెప్పు. ఒక్క కారణం చెప్పు, ఒప్పుకుంటాను."

కారణం చిన్నోడి నాలుక మీదే ఉంది. నీకు వినపడదన్నా, అందుకే. ఆ ఒక్క ముక్క చాలు. వంటింటి గుమ్మంలో వదిన వచ్చి నిలబడింది. ఆవిడకి అంతా అర్థమైందని ముఖమే చెప్పింది. నోరు తెరుస్తుందేమోనని చిన్నోడు చూశాడు. ఆవిడ చేతులు రెండూ దగ్గరికి చేర్చింది, అంతే.

దొంగకి తేలు కుట్టినట్టు అంటారు. దొంగ కానివాడికి కుట్టినప్పుడు ఏమంటారో మన పెద్దవాళ్ళు చెప్పిపోలేదు. "తప్పయిపోయిందన్నా" అన్నాడు చిన్నోడు. ఈసారి మొట్టికాయ పడలేదు. మొట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

అన్న కొత్త డబ్బా తెప్పించి, తన చేతులతో ఆ మంచి ఆయిలంతా దించి, మళ్ళీ పల్చటిది పోశాడు. ఆయిళ్ళ అలమరకి తాళం పడింది. తాళంచెవి అన్న మొలతాడుకి చేరింది. ఒక కప్పు కింద, ఒక కుండ అన్నం తింటూ, ఇద్దరూ పని మాటలు తప్ప మాట్లాడుకోవడం మానేశారు.

డాక్టరమ్మ వచ్చి కారు స్టార్టు చేసి, చెవి ఒగ్గి, "ఈ టకటక ఏంటి మేస్త్రీగారూ, మామూలేనా?" అంది. అన్న ముందుకు వంగి తలూపి "ఆఁ... ఆఁ. చూద్దాం" అన్నాడు నవ్వుతూ. ఆవిడ చిన్నోడి వంక తిరిగింది. ఆ ఒక్క క్షణంలో చెప్పేయొచ్చు. కారు దక్కేది. కానీ దొంగ అనిపించుకున్నవాడు అన్న ముందే ఆయిలు మంచిది కాదంటే ఎలా ఉంటుంది? అదీ ఒక సాకేనని అతనికి తెలుసు. అన్నని నలుగురిలో చెవిటివాణ్ణి చెయ్యలేకపోయాడు, అదీ నిజం.

"కొత్తగా కట్టిన ఇంజను కదమ్మా, సర్దుకుంటుంది" అన్నాడు.

కొండదారి సగం ఎక్కిన కారు తాడు కట్టించుకుని తిరిగొచ్చింది. డాక్టరమ్మ దిగి, ఊపు పోయిందనీ, మోత భరించలేకపోయాననీ చెప్పింది. అన్న ఆ మాటలకీ తలూపాడు. గోడకి తగిలించిన స్క్రూడ్రైవరు అందుకున్నాడు. "స్టార్టు చెయ్" అన్నాడు చిన్నోడితో, చాలా రోజుల తర్వాత కాస్త మెత్తగా.

రెండు మూడు సార్లు దగ్గి ఇంజను అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. అన్న పిడి చెవికి నొక్కి, కళ్ళు మూసుకుని, చిరునవ్వుతో విన్నాడు. "చప్పుడేముందమ్మా? చక్కగా..." అంటూ కళ్ళు తెరిచాడు.

డాక్టరమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుని నిలబడి ఉంది.

అన్న ఆవిడ చేతుల వంక చూశాడు. గుమ్మంలో నుంచున్న భార్య వంక చూశాడు, ఆవిడ తల తిప్పుకుంది. స్టీరింగు ముందు కూర్చున్న తమ్ముడి వంక చూశాడు. స్క్రూడ్రైవరు ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చాడు. మళ్ళీ మొదటి చెవికి మార్చాడు. ఇక చాలన్నట్టు చెయ్యి ఎత్తాడు. చిన్నోడు ఇంజను ఆపాడు.

పై మూత విప్పితే కామ్ షాఫ్ట్ మీద వాల్వుల్ని నెట్టే గుబ్బలు సగానికి అరిగిపోయి ఉన్నాయి. అన్న అడుగు ఆయిల్లో వేలు ముంచి రుద్దాడు. ఇనప రజను మెరిసింది. ఇంక దీన్ని ఏం చెయ్యాలని డాక్టరమ్మ అడిగింది. చిన్నోడు విప్పిన మూత తెచ్చి మళ్ళీ బిగించాడు. ఆవిడ కాసేపు సీటు మీద చెయ్యి వేసి నిలబడి, నడిచి వెళ్ళిపోయింది.

అన్న పెరటి కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. చిన్నోడు తువ్వాలు పట్టుకుని వెనక నిలబడ్డాడు. తల తిప్పకుండానే అన్నాడు అన్న:

"ఆ రోజు నువ్వు పోసిందే దానికి సరైన ఆయిలు."

"అవునన్నా."

"నేను దించేశాను. నిన్ను దొంగన్నాను."

"పోనీలే అన్నా."

కొళాయి ధార పడుతూనే ఉంది. అన్న చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి, అయినా రుద్దుతూనే ఉన్నాడు. "మాట్లాడవేంరా? మాట్లాడకపోతే నేను తట్టుకోలేను. తిట్టనైనా తిట్టు."

చిన్నోడు చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చాడు. "నాకేం కోపం లేదన్నా. నువ్వేమన్నా నాకు కోపం రాదు" అన్నాడు. అన్న ముందుకు వంగి, ఆ వణికే పెదాల వంక కాసేపు చూసి, తలూపాడు.

"ఆఁ... ఆఁ. చూద్దాం."

చిన్నోడికి ఒళ్ళు మండింది. ఎవరి మీదో అతనికే తెలీదు. పుట్టి బుద్ధెరిగాక అన్న ముందు ఎప్పుడూ ఎత్తని గొంతు ఎత్తి, మెడ నరాలు ఉబ్బేలా, పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూసేలా అదే మాట అరిచాడు. మళ్ళీ అరిచాడు. అతని కళ్ళు ఎర్రబడ్డాయి, చెయ్యి తనకి తెలియకుండానే పైకి లేచింది.

ఆ ముఖం చూసి అన్న తల దించుకున్నాడు, ఇన్నేళ్ళూ తన ముందు చిన్నోడు దించుకున్నట్టే.

"తిట్టరా" అన్నాడు. "ఇంకా తిట్టు."