గంగులమ్మక్క ఆవు

తవుడు కూడా కలిపాను కదా, అంతటితో ఆగానా, ఇంటి నుంచి వేరుశనగ చెక్క నలగ్గొట్టి తెచ్చి మరీ కలిపాను, ఆవు కదా, నోరులేని జీవం కదా అని, కలిపి చెయ్యి కడుక్కుంటూ ఎంత మురిసిపోయానో, ఛీ, ఇప్పుడీ చేతిని ఎక్కడ దాచుకోను, గరిటె పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డానే గానీ కళ్ళు వెనక వాకిలి మీదే ఉన్నాయి, ఓబయ్య గంజి కలియబెడుతూ అమ్మా పొంగుతా ఉండాది, కొంచెం జరగండి అంటున్నాడు, జరిగాను, ముందు వాకిట్లో జనం అప్పుడే బారులు తీరి కూర్చున్నారు, ముంతలు, సత్తు గిన్నెలు, కొబ్బరి చిప్పలు, తిరుచానూరులో మావాళ్ళ సత్రంలో కరువు జనానికి ఊరికే పోసే ఈ గంజి తొట్టి పెట్టి నిన్నటికి ఏడాది, వానలు మొహం చాటేసి, యుద్ధం ముగిసినా బియ్యం రాక, పల్లెలకు పల్లెలు ఇటు నడిచొచ్చిన ఏడాది, ఒక్క పూట పొయ్యి ఆరలేదని మా ఆయన పదిమందికీ చెప్పుకున్నాడు, నేనూ చెప్పుకున్నాను, ఆ సంబరంతోనే కదా నిన్న శుక్రవారం పసుపూ కుంకుమా అరటిపళ్ళూ పళ్ళెంలో పెట్టుకుని గంగులమ్మక్క ఆవుకు పూజ చేద్దామని బయలుదేరింది, రోజూ నా చేతి కుడితి తాగే ఆవును ఒక్కసారైనా కళ్ళారా చూద్దామని.

గంగులమ్మక్క అంటే ఎవరు, ఐరాల పక్కన మాగాణి ఉన్న ఇల్లు, మా మండీకి బండ్ల మీద వడ్లు తోలిన ఇల్లు, బస్తాల మీద అనపకాయల మూట విడిగా కట్టించి ఇది వరదమ్మకు అని నా పేరు చెప్పి పంపేది, ఒకరింట నీళ్ళు తాగాలన్నా చెంబు మళ్ళీ తోమించి తాగే మనిషి, బావి ఎండి, చేను బీడై, మొగుడు సుబ్బన్నతో ఈ ఊరొచ్చి ఎవరిదో పశువుల కొట్టంలో తలదాచుకుంది, రోజూ ఇక్కడ జనం లేచిపోయాక వెనక వాకిట్లోకి కుండ పట్టుకుని వచ్చేది, ఆవుకు రవ్వంత కుడితి ఉంటే పోస్తావా వరదమ్మా అనేది, పోసేదాన్ని, గంగాళం కడిగిన నీళ్ళు, అడుగంటిన మాడు, తవుడు, చెక్క, అయ్యో, ఇంకొకటి కూడా, గంజి తొట్టి లెక్కలు చూసే కమిటీవాళ్ళు ఇక్కడ భోంచేసిన రోజుల్లో వాళ్ళ విస్తళ్ళలో మిగిలిన మెతుకులు, అవీ దులిపాను అందులో, ఎంగిలి, గోవు తింటే పుణ్యమే కదా అనుకుని.

నిన్న వెళ్ళి చూస్తే కొట్టంలో గుంజ ఉంది, గుంజకు పలుపు లేదు, పేడ వాసన కూడా లేదు, అక్క లేదు, సుబ్బన్న గోడకానుకుని ఆ కుండ వంచి పంచె చెంగులో వడగట్టుకుంటున్నాడు, చూపు ఆనని కళ్ళు, ఎవరమ్మా అన్నాడు, గంజి తొట్టి నుంచి వచ్చినాను, ఆవు యాడ అన్నాను, ఆవు యాడిది తల్లీ, ఊరిడిసేటప్పుడే అమ్మేస్తిమి అన్నాడు, చెంగు పిండుకుంటూ, తప్పు పట్టేది కాదు తల్లీ, మీ గంజిలో తవుడు ఎందుకు కలపతారు, ముసలోడి గొంతు దిగల్యా అన్నాడు. అరటిపళ్ళు ఆయన పక్కన పెట్టి వచ్చేశాను.

దారి పొడుగునా ముందు కోపమే వచ్చింది, సిగ్గుపడాల్సిందానికి కోపమేమిటో, నాతో అబద్ధమాడాలా, ఒక్క మాట చెప్తే గంగాళం గంగాళమే పోసేదాన్ని కదా, ఇంటికి చేరేసరికి కోపం పోయి భయం పట్టుకుంది, ముసలాయన చెప్పకుండా ఉంటాడా, ఎవరో ఆవును అడిగి పొయినారని, చెప్తే ఆమెకు తెలిసిపోతుంది నాకు తెలిసిందని, ఇక ఈ వాకిలి తొక్కుతుందా, తొక్కకపోతే వాళ్ళిద్దరూ ఏం తాగి బతుకుతారు, రావాలి, ఇవాళ వస్తే తవుడు లేకుండా, చిక్కగా, మొదటి గరిటె ఆమెకే, ఆవుకే అంటూ పోస్తాను, నోరు మెదపను, అదిగో, తడిక కదిలింది, ఇంత ముందుగా ఎప్పుడూ రాదే, వచ్చింది, చేతిలో కుండ లేదు.

ఆవు సచ్చిపోయింది వరదమ్మా, ఇంక కుడితి వద్దులే.

అంతే అంది, నా మొహం చూడకుండా అంది, గొంతులో తడి కూడా లేదు, లేని ఆవును చంపేసింది, ఇక రాదు, ఎండిపోయి చస్తుంది గానీ రాదు, ఆపాలి, ఏమని ఆపను, ఆవు లేకపోయినా రండి అక్కా అంటే అబద్ధం పట్టుకున్నట్టే కదా, అసలు ఈ ఆవు ఎక్కడి నుంచి వచ్చింది, మొదటి రోజు, అవును, మొదటి రోజు ఆమె వెనక వాకిట్లోకి రానే లేదు, ముందు వాకిట్లో, ఆ బారులోనే, చివర్న, గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నేనే, గరిటె పట్టుకున్న నేనే, చూసిన సంబరంలో అందరికీ వినబడేలా, గంగులమ్మక్కా, మీరేంది ఈడ కూసున్నారు, ఆవుకు కుడితి కోసమా, ఎనకపక్కకు రాకూడదా అన్నాను, తలలన్నీ తిరిగాయి, ఆమె లేచి కొంగు దులుపుకుని, అవును, ఆవుకే అంది, ఆ ఆవు నాది, ఆమె నోట్లో కట్టేసింది నేను.

గరిటె ఓబయ్యకిచ్చేశాను, అక్కా రండి అని చెయ్యి పట్టుకున్నాను, ముందు వాకిట్లోకి, ఆ బారు చివరకు, మట్టిలో కూర్చున్నాను, ఏడాదిగా పోసినదాన్ని, ఒక్కసారీ ఇక్కడ కూర్చోలేదు, తలలన్నీ తిరిగాయి, అటు మా ఆయన కూడా చూస్తున్నాడు, కడుపు నిండా తిని కూర్చున్న నాకే తల ఎత్తబుద్ధి కావడం లేదే, ఆకలితో కూర్చున్న ఆమెకు ఆ రోజు ఎలా ఉండి ఉంటుంది, పక్కన అక్క చీర కుచ్చెళ్ళు నిలబడే ఉన్నాయి, ఎంతసేపో, నేను పైకి చూడలేదు, తర్వాత కిందికి వచ్చాయి, ఓబయ్య వచ్చాడు, ఇద్దరి ముందూ ఆకు దొన్నెలు పెట్టాడు, నా దొన్నెలో పోశాడు, ఆమె దొన్నెలో పోశాడు, ఎవరి మొహమూ చూడకుండా ముందుకు పోయాడు, ఆ రోజు నేను చెయ్యాల్సింది అంతే, పేరు పెట్టి పిలవకుండా పోసి ముందుకు పోవడం.