వరదలో వరద డ్రిల్లు

మూడో రోజు పొద్దెక్కినా లారీలు కదల్లేదు.

గోదాము ఆవరణలో తొమ్మిది లారీలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. మొదటి లారీలో మురికినీళ్ళను తాగేనీళ్ళుగా మార్చే యంత్రం ఉంది. మంచి దున్నపోతంత ఉంటుంది. దానికి టార్పాలిన్ కప్పి, తాళ్ళు బిగించి, ఆ తాళ్ళు వదులైతే మళ్ళీ బిగించి, డ్రైవరు అరచేతులు కాయలు కట్టాయి. మిగతా లారీల్లో గుడారాలు, మందులు, రబ్బరు పడవలు ఉన్నాయి. నదికి అవతలి దేశం సగానికి సగం నీళ్ళలో మునిగి ఉంది. వంతెన ఎంతో దూరం లేదు, గట్టిగా తోలితే రెండున్నర గంటలు. అయినా లారీలు కదలవు. ఎందుకు కదలవయ్యా అంటే, అవతలి వాళ్ళు ఇంకా అడగలేదు.

చుట్టుపక్కల ఐదు దేశాలూ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఎవరికి ఆపద వస్తే వాళ్ళు నోరు తెరిచి సాయం అడగాలి, అప్పుడే మిగతా నలుగురూ పంపాలి. ఇది ఊరికే పుట్టిన నియమం కాదు. వెనకటికి భూకంపం వచ్చినప్పుడు ఈ దేశం వాళ్ళు మంచి మనసుతోనే అడక్కుండా గుడారాలు పంపారు. అవి వంతెన దగ్గరి నుంచే తిరిగొచ్చాయి. వాటితో పాటు ఒక ఘాటైన ఉత్తరం కూడా వచ్చింది, మమ్మల్ని చేతగాని వాళ్ళనుకున్నారా అని. ఆ తర్వాత రెండేళ్ళు రెండు దేశాల పెద్దలకూ మాటల్లేవు. అదిగో, అప్పటి నుంచి ఈ నియమం. అడగడం అవతలి వాళ్ళకు నామోషీ, అడక్కుండా పంపడం ఇవతలి వాళ్ళకు భయం.

ఈ ఐదు దేశాల మధ్య ఫోన్లు కలిపి, కాగితాలు తిప్పే ఆఫీసు ఒకటుంది. ఆ ఆఫీసులో జాబితాల బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్న మనిషిని డైరెక్టరు నుంచి కాపలా మనిషి దాకా అందరూ పిన్ని అనే పిలుస్తారు. పిన్నికి చదువు పెద్దగా లేదు. కానీ ఏ గోదాములో ఎన్ని గుడారాలున్నాయి, ఏ పడవకు చిల్లు పడింది, ఏ దేశం ఆఫీసరుకు మధ్యాహ్నం నిద్ర అలవాటు, ఇవన్నీ ఆమె నాలుక చివరే ఉంటాయి. కంప్యూటరు తెరిచేలోపు పిన్ని జవాబు చెప్పేస్తుంది.

అలాంటి పిన్నికి ఆ మూడు రోజులూ అన్నం సహించడం లేదు. ఆమె తోడబుట్టిన చెల్లెలు నది అవతలి ఊళ్ళో ఆసుపత్రి హెడ్ నర్సు. పెళ్ళి చేసుకుని వెళ్ళింది, అక్కడే స్థిరపడింది. నది మధ్యలో సరిహద్దు గీశారు గానీ, అటూ ఇటూ మాట్లాడేది ఒకటే భాష, తిట్టుకునేది కూడా ఒకటే భాష. ఆసుపత్రి చిన్న గుట్ట మీద ఉంది కాబట్టి మునగలేదు, వంతెన నుంచి అక్కడికి వెళ్ళే రోడ్డూ మునగలేదు. కానీ మంచినీళ్ళు లేవు.

ఆ పొద్దున కూడా చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, పిల్లల వార్డులో పదకొండు మంది ఉన్నారు. వాంతులు, విరేచనాలు. సెలైన్ రేపు సాయంత్రం దాకా వస్తుంది, అంతే."

"నీళ్ళు కాచి ఇవ్వండే."

"దేంతో కాచమంటావు? గ్యాస్ అయిపోయింది. కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. నా తల మీద పెట్టి కాచనా?"

"యంత్రం ఇక్కడే ఉందే అమ్మడూ, నా కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది."

"కనిపిస్తే? మేం కిటికీలోంచి తాగాలా? ఇరవై రెండేళ్ళుగా ఆ ఆఫీసులో కూర్చుని ఏం చేస్తున్నావక్కా నువ్వు?" అని ఫోన్ పెట్టేసింది.

పిన్ని నేరుగా డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. ఆయన వయసులో ఆమె కంటే చిన్నవాడు. చెడ్డవాడు కాదు. అడుగు వేసే ముందు నేల గట్టిగా ఉందో లేదో నాలుగుసార్లు తట్టి చూసే రకం, అంతే.

"బాబూ, ఆ ఒక్క లారీ అయినా వదలండి."

"వాళ్ళు అడగలేదు పిన్నీ."

"అడగరండీ వాళ్ళు. మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"నాకు తెలిస్తే చాలదుగా. కాగితం తెలియాలి. పది గంటలకు ఐదు దేశాల మీటింగు ఉంది. అందులో కదుపుదాం."

ఆ మీటింగు సంగతి తలచుకుంటే ఇప్పటికీ పిన్నికి ఒళ్ళు మండుతుంది. గోడ మీది తెరలో నాలుగు మొహాలు, ఇవతల డైరెక్టరు, పక్కన నోట్సు రాసుకుంటూ పిన్ని. వరదలో ఉన్న దేశం పెద్దమనిషి ముందుగా గొంతు సవరించుకుని, పరిస్థితి అదుపులోనే ఉందన్నాడు. ఆయన వెనక కిటికీలోంచి ఒక కారు నీళ్ళలో తేలుతూ పోయింది. ఎవరూ చూడనట్టే ఊరుకున్నారు. మూడో దేశం వాళ్ళు రెండు వేల ఉన్ని కంబళ్ళు సిద్ధంగా ఉన్నాయన్నారు. ఎండాకాలం చివర వచ్చిన వరద అది, చెమటకే జనం తడిసిపోతున్నారు. నాలుగో దేశం వాళ్ళు సంతాప ప్రకటనలో ఎవరి పేరు ముందు ఉండాలని అడిగారు. అక్షర క్రమంలో వెళ్దామంటే ఏ భాష అక్షర క్రమం అన్నారు. దాని మీద ముప్పావు గంట నడిచింది. ఐదో దేశం ఆయన మైకు ఆపుకుని మాట్లాడుతున్నాడు. పెదవులు ఆడుతున్నాయి, మాట రావడం లేదు. మొత్తం మీటింగులో తప్పు మాట్లాడనిది ఆయనొక్కడేనని పిన్ని అనుకుంది.

మీటింగు అవగానే పిన్ని తన బల్ల దగ్గరికొచ్చి అన్నయ్యకు ఫోన్ కలిపింది. అన్నయ్య అంటే సొంత అన్న కాదు. అవతలి దేశం ఆఫీసులో ఈమెలాగే జాబితాల బల్ల దగ్గర కూర్చునే మనిషి. పదకొండేళ్ళుగా ఫోన్లో గొంతు వినడమే గానీ, ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు.

"ఏమిటన్నయ్యా మీ పెద్దాయన? మునిగిపోతూ కూడా బాగున్నాం అంటాడు?"

"మా వాళ్ళు ఇస్తే కాదనరమ్మా. 'ఇవ్వండి' అని మాత్రం రాయరట. పొద్దున్నుంచి ఆ ఒక్క ముక్క కోసం ఆ గదికీ ఈ గదికీ తిరుగుతున్నాను. నా చెప్పులు అరిగాయి గానీ సంతకం పడలేదు."

"మా వాళ్ళు 'ఇవ్వండి' అంటే తప్ప ఇవ్వరు."

"మరి మనిద్దరం ఏం చేద్దాం? ఫోన్లో ఏడుద్దామా?"

"ఏడవడానికి నాకు తీరిక లేదు" అంది పిన్ని. కోపంతో బల్ల మీది కాగితాల కట్ట ఒక్క తోపు తోసింది. కాగితాలన్నీ జారి నేల మీద పడ్డాయి. వంగి ఏరుతుంటే పసుపుపచ్చ ఫారం ఒకటి చేతికొచ్చింది.

అది డ్రిల్లు ఫారం. ఏటా ఒకసారి రెండు దేశాలూ వంతెన అవతలి మైదానంలో ఉత్తుత్తి విపత్తు ఒకటి సృష్టించుకుని సాధన చేస్తాయి. ఒక లారీ అటు వెళుతుంది, సామాను దింపి వాడి చూపించి తిరిగొస్తుంది. దానికి మంత్రులు అడగనక్కర్లేదు. రెండు బల్లల వాళ్ళూ తేదీ అనుకుని, డైరెక్టర్లు సంతకం పెడితే చాలు, వంతెన గేటు లేస్తుంది. ఆ ఏడాది డ్రిల్లు రెండుసార్లు వాయిదా పడింది, ఒకసారి వీళ్ళ డైరెక్టరు సెలవు వల్ల, ఒకసారి వాళ్ళ డైరెక్టరు పంటినొప్పి వల్ల.

పిన్ని మళ్ళీ ఫోన్ అందుకుంది.

"అన్నయ్యా, మన ఈ ఏటి డ్రిల్లు జరగలేదు కదూ?"

"ఇప్పుడు డ్రిల్లు గొడవేమిటమ్మా?"

"రేపు పెట్టుకుందాం."

"దేని మీద?"

"వరద మీద."

అవతల అన్నయ్య నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ దగ్గాడు.

"వరదలో వరద డ్రిల్లా! చెల్లెమ్మా, నా ఉద్యోగం ఊడుతుందే."

"ఊడితే మా ఇంటికి రా. మూడు పూటలా అన్నం పెడతాను."

"డ్రిల్లు మైదానం రెండు నిలువుల లోతు నీళ్ళలో ఉంది."

"ఫారంలో చూడు. 'లేదా సమీపంలోని ఎత్తైన స్థలం' అని ఉంటుంది. ఆసుపత్రి గుట్ట రాయి."

"రాస్తున్నాను" అన్నాడు అన్నయ్య. ఈసారి గొంతులో నవ్వు లేదు.

పిన్ని పోయినేటి ఫారం ముందు పెట్టుకుని, తేదీ, స్థలం మాత్రం మార్చి, మిగతాదంతా గబగబా ఎక్కించేసింది. డైరెక్టరు దాన్ని రెండుసార్లు చదివాడు. 'విపత్తు స్వభావం: కల్పితం' అన్న చోట ఆగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది డ్రిల్లేగా పిన్నీ?"

"డ్రిల్లేనండీ."

"రేపు ఎవరైనా అడిగితే నేను డ్రిల్లు అనుకున్నాను."

"మీరే కాదు బాబూ, నేనూ అలాగే అనుకున్నాను."

సంతకం పడింది.

మర్నాడు తెల్లవారగానే లారీ బయలుదేరింది. ఒక్కటే లారీ, డ్రిల్లుకు అంతే లెక్క. పిన్ని కూడా జీపులో వంతెన దాకా వెళ్ళింది, ఎందుకంటే గేటు దాటే సామాను సరిచూసుకుని సంతకం పెట్టాల్సింది జాబితాల బల్ల మనిషే. వంతెన మీంచి కిందికి, నదిలోకి చూసింది. పైకప్పులు, తలుపులు, ఎవరి ఇంటిదో ఒక మంచం కొట్టుకుపోతున్నాయి. గేటు దగ్గరి జవాను పసుపు ఫారం చూశాడు, నది వంక చూశాడు, మళ్ళీ ఫారం చూశాడు.

"కల్పిత వరదా అమ్మా?" అన్నాడు.

"అవును నాయనా. బాగా కల్పించారు కదూ?"

జవాను గేటు ఎత్తాడు.

పదిన్నరకల్లా యంత్రం ఆడుతోందని చెల్లెలు ఫోన్ చేసింది. బిందెలు, బకెట్లు, డ్రమ్ములు, ఆఖరికి చెత్తబుట్టలు కూడా కడిగి నింపుతున్నారట. పిన్ని వంతెన పక్కన చెక్‌పోస్టు బెంచీ మీద కూర్చుని, మూడు రోజుల తర్వాత మొదటిసారి టీ తాగింది. ఆ టీ పూర్తిగా గొంతు దిగనేలేదు, చెల్లెలు మళ్ళీ ఫోన్.

"అక్కా, మీ డ్రిల్లు చూడటానికి ఇక్కడి ఆఫీసరు ఒకాయన వచ్చాడు. నాలుగింటికి యంత్రం లారీ ఎక్కించి వెనక్కి పంపేయాలంటున్నాడు. కాగితంలో ఉందట!"

పిన్ని సంచిలోంచి ఫారం నకలు తీసింది. వేలు పెట్టి వరసన చదివింది. తొమ్మిదో వరసలో ఉంది: 'ప్రదర్శన అనంతరం సామగ్రి అంతా అదే రోజు, ఒక్క వస్తువూ తగ్గకుండా తిరిగి చేరవలెను.' తనే రాసింది, తన చేత్తోనే. పోయినేటి ఫారం చూసి గుడ్డిగా ఎక్కించింది. ఆ ఒక్క వరస కొట్టేసి ఉంటే సరిపోయేది. ఇరవై రెండేళ్ళలో పక్కవాళ్ళ ఫారాల్లో లక్ష తప్పులు పట్టిన మనిషి! పిన్ని ఆ కాగితంతో తన నుదురు తనే కొట్టుకుంది.

"చిన్నదానా, ఎన్ని రోజులకు సరిపడా నింపారు?"

"రెండు రోజులు. మా వాళ్ళకైతే. పొద్దున్నుంచి కింది ఊళ్ళ జనం పడవల్లో వస్తున్నారక్కా, నీళ్ళు దొరుకుతాయని తెలిసి. వాళ్ళతో కలిపితే ఒక్క రోజు."

అది చాలదన్నట్టు డైరెక్టరు ఫోన్. గొంతులో సంతోషం పొంగుతోంది. "పిన్నీ, డ్రిల్లు అద్భుతంగా జరిగిందట! టీవీలో చూపిస్తున్నారు. రెండు దేశాల మంత్రులూ ఒకరినొకరు అభినందించుకున్నారు."

"మిగతా ఎనిమిది లారీలు పంపమంటారా మరి?"

"అవెలా పంపుతాం? వాళ్ళు అడగలేదుగా."

పిన్ని ఆ ఫోన్ నదిలోకి విసరలేదంటే, అది ఆఫీసు ఫోన్ కాబట్టి.

అయిదు దాటాక లారీ వంతెన మీదికి వచ్చింది. డ్రైవరు మొహం మాడిపోయి ఉంది. "యంత్రం ఎక్కిస్తుంటే ఆడవాళ్ళు అడ్డం పడుకున్నారు పిన్నిగారూ. నేను ఈ పని మళ్ళీ చేయను" అన్నాడు. పిన్ని జాబితా పట్టుకుని లారీ ఎక్కింది. మోటారు ఉంది. జల్లెడలు ఆరు ఉన్నాయి. నీళ్ళు పీల్చే గొట్టాలు నాలుగుండాలి, మూడున్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది. మూడే.

"నాలుగో గొట్టం ఏది?"

డ్రైవరు తల గోక్కున్నాడు. "ఆ నర్సమ్మ ఏదో చీరలో చుట్టి లోపలికి తీసుకెళుతుంటే చూశాను. మీ చెల్లెలుగారే. గొట్టమేమో మరి, నేను అడగలేదు."

చెల్లెలు చిన్నప్పుడు కూడా ఇంతే, ఇవ్వను అనేది కాదు, దాచేసేది. పిన్ని జాబితా మోకాలి మీద పెట్టుకుని, పెద్ద అక్షరాలతో 'అసంపూర్ణం, స్వీకరించబడలేదు' అని రాసి కింద సంతకం పెట్టింది. కిందికి దిగి జవాను చేతికిచ్చింది.

"ఒక్క వస్తువు తగ్గినా తీసుకోవడానికి వీల్లేదు నాయనా. తొమ్మిదో వరస చదువు. లారీ వెనక్కి వెళ్ళి, గొట్టం వెతికి, అన్నీ కలిపి తేవాలి."

"గొట్టం దొరక్కపోతే?"

"దొరికేదాకా యంత్రం అక్కడే ఉంటుంది. ఊరికే పెడితే తుప్పు పడుతుంది కాబట్టి ఆడిస్తూ ఉండాలి. నీకు అనుమానమైతే పై వాళ్ళకు రాయి. జవాబు వచ్చేసరికి మనవలు పుడతారు."

జవాను నవ్వాపుకుంటూ గేటు ఎత్తాడు. డ్రైవరు అయితే జవాను చెయ్యి దించకముందే లారీ వెనక్కి తిప్పేశాడు.

పిన్నికి నవ్వు రాలేదు. రేపు డైరెక్టరు తనను పిలిచి సంజాయిషీ అడుగుతాడు. అవతల అన్నయ్యను ఇంకా గట్టిగా అడుగుతారు. ఇంత చేస్తే దక్కింది ఒక్క యంత్రం, ఒక్క గుట్ట. పడవలు గోదాములోనే ఉన్నాయి, పడవలు కావలసిన జనం నీళ్ళలోనే ఉన్నారు. ఆమె జీపు తలుపు ఎంత గట్టిగా వేసిందంటే అద్దం కిందికి జారిపోయింది.

దారిలో చెల్లెలి ఫోన్ వచ్చింది. వెనక యంత్రం హోరు వినిపిస్తోంది.

"గొట్టం వెతుకుతున్నామక్కా. ఎక్కడా కనిపించడం లేదు."

"నిదానంగా వెతకండి. పిల్లలెలా ఉన్నారు?"

"నలుగురు లేచి కూర్చున్నారు. మిగతావాళ్ళ సంగతి రేపటికి గానీ చెప్పలేను. పడవల వాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. అడగడానికి మొహమాటపడి కొందరు గట్టు మీదే నిలబడిపోతున్నారు."

"వాళ్ళు అడిగేదాకా ఆగకే. నింపి చేతికిచ్చెయ్."

"ఆగడానికి నేనేమైనా మీ ఆఫీసునా?" అని చెల్లెలు కసిరి ఫోన్ పెట్టేసింది.