ఉప్పునీళ్ల డ్రమ్ము

ఆ ఎడారి దేశం పేరెత్తితేనే మా అత్తమ్మ సాలమ్మకు ఒళ్లు వణికేది. మా మామ మొగిలి అక్కడికి కూలికి పోయాడు. ఊళ్లకు మంచినీళ్లు తీసుకెళ్లే పైపుల కోసం కాలువలు తవ్వుతూ ఎండదెబ్బకు చనిపోయాడు. శవం పెట్టెలో వచ్చిన రోజునే అత్తమ్మ నా భర్త ఇమ్మానుయేల్ దగ్గర మాట తీసుకుంది, ఆ దేశానికి కూలికి మాత్రం పోనని.

అలాంటి దేశం మా క్యాంపస్ గుమ్మం దాకా వస్తుందని ఎవరనుకున్నారు? నేను అక్కడ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ దేశపు నీటి రంగంలో విదేశీ కంపెనీలకు తలుపులు తెరిచారని, సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే చిన్న ప్లాంట్లకు భాగస్వాములు కావాలని నోటీసు పెట్టారు. అక్కడి ఇంజనీరు ఒకాయన వచ్చి మిషన్లు చూస్తాడట. ఇమ్మానుయేల్ లాలాపేట్ షెడ్డులో ఏళ్లుగా కుస్తీ పడుతున్నది సరిగ్గా అలాంటి మిషన్‌తోనే. సోలార్ కరెంటుతో నడుస్తుంది, ఒక చిన్న పల్లెకు సరిపోతుంది. కాకపోతే హైదరాబాద్‌లో సముద్రం లేదు, దాన్ని కొనే నాథుడూ లేడు. ఈ పని కుదరకపోతే షెడ్డుకు తాళమే. నేనే కాళ్లరిగేలా తిరిగి డెమోకు సమయం ఇప్పించాను. ఆయన సంబరం చూడాలి.

"నాయిన కూలోని లెక్క పోయిండు. నేను కంపెనీ ఓనర్ లెక్క పోత" అన్నాడు అత్తమ్మతో. ఆమె మొదటిసారి ఆ దేశం పేరు విని నవ్వింది.

డెమో రోజు పొద్దున మా చర్చి అయ్యగారు, నూనె సీసాతో అత్తమ్మ షెడ్డుకు వచ్చారు. కొత్త బండి కొన్నా, కుట్టుమిషన్ తెచ్చుకున్నా, ప్రార్థన చేసి నూనె రాయందే మా వాళ్లు మొదలుపెట్టరు. అయ్యగారు ప్రార్థించి, మిషన్ మూత మీద వేలితో నూనెతో సిలువ గీసి, టీ తాగి వెళ్లారు. సముద్రపు నీళ్లంత ఉప్పు కలిపి ఉంచిన నల్ల డ్రమ్మును, మిషన్‌ను ట్రాలీ ఆటోకెక్కించి, తార్నాక చౌరస్తాలో ఇరుక్కుని, చచ్చీచెడీ క్యాంపస్ చేరాం. అత్తమ్మ ఇంటికి వెళ్లి ఉపవాసం ఉంది.

హాలు నిండా కోట్లు వేసుకున్న కంపెనీల వాళ్లు. మూత మీద మెరుస్తున్న సిలువను చూసి ముందు వరసలో ఇద్దరు ఒకరినొకరు గిల్లుకుని నవ్వుకున్నారు. నాకు ఒళ్లు మండింది. మిషన్ మాత్రం మొదట్లో ముద్దుగా నడిచింది. ఇంజనీరు గ్లాసు పట్టి తాగి, బాగుందని తలూపాడు. ఇమ్మానుయేల్ ముఖం వెలిగిపోయింది. కాసేపటికి ధార దారంలా సన్నబడింది. చుక్కలైంది. ప్రెషర్ ముల్లు మాత్రం పైకి పోతూనే ఉంది. ఇమ్మానుయేల్ గబగబా స్విచ్చి ఆపేశాడు.

ఇంజనీరు డ్రమ్ములో చెయ్యి ముంచి వేళ్లు రుద్దుకున్నాడు. ఇందులో నూనె ఉందే, ఎక్కడిదని అడిగాడు.

అప్పటికే వాసన నాకు తగిలింది. అత్తరు కలిపిన ప్రార్థన నూనె వాసన అది, పుట్టినప్పటి నుంచి ఎరుగుదుం. ఆ మిషన్‌లో అసలు పని చేసేది ఒక పలుచని పొర. దానికి నూనె పట్టిందంటే ఇక నీళ్లు దిగవు. ఎవరు పోశారో మా ఇద్దరికీ అర్థమైంది. ఉన్నమాట చెబితే అయిపోయేది. పొర మార్చి, కొత్త నీళ్లు కలిపి రేపు చూపిస్తామంటే ఆ పెద్దమనిషి కాదనేవాడు కాదు. నేను నోరు తెరిచాను. ఇమ్మానుయేల్ నా మణికట్టు గట్టిగా పట్టుకుని, పంపులోంచి నూనె కారిందని, తప్పు తనదేనని ఆయనతో చెప్పాడు.

తాగేనీళ్ల మిషన్‌లో నూనె కారే పంపు! ఇంజనీరు రుమాలుతో చెయ్యి తుడుచుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

బయట ఆటో దగ్గర నేను కోపం పట్టలేక ఏడ్చాను. ఎందుకు అబద్ధమాడావని నిలదీశాను.

"ఆళ్లు సిలువ జూసి నవ్విండ్రు, నువ్వు జూడలేదా? మా అమ్మను గూడ జూసి నవ్వాల్నా?" అన్నాడు. "ఈ ముచ్చట ఆమెకు ఎన్నడు చెప్పకు నిరోషా."

మేం సామాను ఎక్కిస్తుంటే ఇంజనీరు మళ్లీ వచ్చాడు. మంచివాడే. నువ్వు మిషన్ బిగించిన తీరు చూశాను, చెయ్యి తిరిగినవాడివి, మా ప్లాంట్లలో ఆపరేటర్లు కావాలి, వస్తావా అన్నాడు. ఇమ్మానుయేల్ ఆయనిచ్చిన కార్డును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నాకు ఆ కార్డు చింపెయ్యాలనిపించింది.

మళ్లీ ఎవరూ మా మిషన్ చూడటానికి రాలేదు. పంపు సంగతి అందరికీ పాకిపోయింది. షెడ్డు ఖాళీ చేశాం. ఇచ్చిన మాట తప్పుతున్నానని ఆయన అత్తమ్మకు చెప్పినప్పుడు ఆమె తిట్టలేదు, ఏడవలేదు. తిండి మానేసింది.

ప్రయాణం రోజు సాయంత్రం, తార్నాక ఇంట్లో, ఆయన బ్యాగు సర్దుతుంటే వచ్చి పక్కన కూలబడింది.

"తప్పు నాది కొడుకా" అంది. "మూత మీద రాస్తె సాలదని డ్రమ్ముల నేనే నూనె పోసిన. పాపిష్టిదాన్ని, సగం సీసనే పోసిన. మొత్తం పోస్తె నువ్వు గీడనే ఉంటుంటివి."

ఇమ్మానుయేల్ చేతిలోని చొక్కా కింద పెట్టాడు. ఇక నిజం చెప్పేస్తాడనుకున్నాను.

"నువ్వు మంచిగనే పోసినవమ్మా" అన్నాడు. "నా పంపే కారింది."

ఆమె కళ్లు తుడుచుకుని ప్రార్థన చేద్దామంది. ముగ్గురం మోకాళ్లూనాం. కొడుక్కి ఎండదెబ్బ తగలనియ్యొద్దని ఆమె దేవుణ్ని బతిమాలుకుంది. ఆయన ఆమెన్ అన్నాడు.