కదలొద్దమ్మ వార్డులో కాలు కదిపిన దర్జీ

డయాలసిస్ వార్డు పెద్ద నర్సుకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. కానీ పేషెంట్లు పెట్టిన పేరు కదలొద్దమ్మ. "చెయ్యి కదలొద్దు, కాలు కదలొద్దు, కదలొద్దంటే కదలొద్దు!" అని ఆవిడ గుమ్మంలోంచి కేకేస్తే, ఈగ కూడా వాలినచోటే పడుండేదని వాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. ఒకప్పుడు ఒకాయన వీపు గోక్కోబోయి, సూదులు గుచ్చిన చెయ్యి విసిరాడు. సూది ఊడింది. రక్తం ఫ్యాను దాకా చిమ్మింది. ఫ్యాను తిరుగుతోంది కూడా. మిగతాది మీరే ఊహించుకోండి. ఇప్పుడే భోంచేసి ఉంటే మాత్రం ఊహించుకోకండి.

అప్పట్నుంచీ ఆవిడ రాజ్యంలో అందరికీ చక్రాల కుర్చీయే. నడిచొచ్చినవాణ్ణి కూడా గుమ్మంలోనే కుర్చీలో కూలేసి, తోసుకొచ్చి, మంచమెక్కించి, మిషనుకి తగిలించి, రక్తం కడిగించి, మళ్ళీ తోసుకెళ్ళి ఆటోలో పడెయ్యడమే. "లోపల రక్తం తిరుగుతోందిగా, ఇంక మనిషి తిరగడమెందుకు?" అనేది కదలొద్దమ్మ.

అలాంటి చోటికి కొత్తగా వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి చంకలో ఒక వస్తువు పెట్టుకుని దిగింది. సైకిల్ని దొంగలు ఎత్తుకుపోతూ పెడళ్ళు మాత్రం దయతలచి వదిలేసినట్టుంది అది. మంచం చివర బిగిస్తే, పడుకునే తొక్కొచ్చట.

టీ గదిలో పంచాయితీ పెట్టారు.

"పేషెంట్లు వ్యాయామం చెయ్యాలి మేడమ్. రక్తం కడుగుతుండగానే, మొదట్లో కాసేపు," అంది అమ్మాయి.

"వ్యాయామమా? వ్యయమూ, ఆయాసమూ కలిస్తే వచ్చేదేగా అది!" అంది కదలొద్దమ్మ. "డయాలసిస్‌లోనే 'అలసి' ఉంది తల్లీ. అలిసినవాళ్ళని ఇంకా అలిసిపోయేట్టు చేస్తావా?"

"మంచిదే, మంచిదే," అన్నాడు డాక్టరు బిస్కెట్టు ముంచుతూ. "నేనూ అందరికీ చెబుతుంటాను, నడవండీ అని."

"ఎప్పుడు చెప్పారు సార్?"

"మనసులో," అన్నాడు డాక్టరు. బిస్కెట్టు విరిగి టీలో మునిగింది.

మిషన్లు చూసుకునే టెక్నీషియను గోడకి ఆనుకుని, "వాళ్ళు ఊగితే నా మిషను కూస్తుంది. అది కూస్తే నేను పరిగెత్తాలి. మొత్తానికి వ్యాయామం ఎవరికండీ?" అన్నాడు.

అందరిదీ ఒకటే మాట: వ్యాయామం దివ్యంగా ఉంటుంది, పక్కవాళ్ళ వార్డులో అయితే. అమ్మాయి పెడళ్ళు చంకన పెట్టుకుని లేవబోతుంటే, తెరిచిన తలుపులోంచి కిటికీ పక్క మంచం మీది దర్జీ గొంతు వినిపించింది.

"తల్లీ, ఆ పెడళ్ళేవో నాకు తగిలించండి."

కదలొద్దమ్మ విసురుగా అతని మంచం దగ్గరికెళ్ళింది. "బాబాయ్, నీకిప్పుడు సైకిలు యాత్ర కావాల్సొచ్చిందా?"

"యాత్ర కాదమ్మా. లేవడం," అని గొంతు తగ్గించాడు దర్జీ. "జన్మంతా కుట్టుమిషను తొక్కిన కాళ్ళు. ఇప్పుడు దొడ్డికి కూర్చుంటే లేవడం లేదు. మీ పిన్ని లేపేది. పోయిన నెల ఆవిడ నడుం పట్టేసింది. ఇప్పుడు..." అని ఆగాడు.

"ఇప్పుడు?"

"అల్లుడు లేపుతున్నాడు. బంగారం లాంటి కుర్రాడు, పల్లెత్తు మాటనడు. కళ్ళు మూసుకుని మరీ లేపుతాడు. వాడు కళ్ళు మూసుకుంటాడు, నేను తలొంచుకుంటాను. ఇద్దరం ఎదురుపడి మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో! ఇంకేమీ వద్దు తల్లీ. నాది నేను కానిచ్చుకుని, నా అంతట నేను లేస్తే చాలు."

ప్యాంటు బిగుతైనా చొక్కా వదులైనా జనం తన దగ్గరికే వచ్చేవారని కోతలు కోసే దర్జీ, అల్లుడి మాటొచ్చేసరికి దుప్పటి అంచు కుట్లు లెక్కపెడుతున్నాడు. కదలొద్దమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియక కసురుకుంది.

"సరే, తొక్కు. సూదులున్న చెయ్యి మాత్రం రాయిలా ఉండాలి. మిషను ఒక్కసారి కూసిందా, ఆ పెడళ్ళు కిటికీలోంచి బయటికి పోతాయి. వెనకాలే ఈ పిల్లా పోతుంది."

"మనం ఉన్నది కింది అంతస్తేగా మేడమ్," అంది అమ్మాయి హాయిగా.

దర్జీ తొక్కడం మొదలెట్టాడు. కిర్రు, కిర్రు. డాక్టరు ఫైలు తిరగేస్తున్నట్టు నటించాడు. టెక్నీషియను పరుగు పందెంలోలా ఒక కాలు ముందుకేసి నిలబడ్డాడు.

కాసేపటికి మిషను కూసింది.

అంతే! టెక్నీషియను, డాక్టరు, కదలొద్దమ్మ ముగ్గురూ దర్జీ మంచం మీద పడ్డారు. ఒకరు కాళ్ళు పట్టుకున్నారు, ఒకరు చెయ్యి, ఒకరు తిట్లందుకున్నారు.

"చెప్పానా! నేను చెప్పానా! ఎక్కడ, కిటికీ ఎక్కడ?"

కూత ఆగలేదు. దర్జీ మిషను మీద పచ్చ లైటు నిమ్మళంగా వెలుగుతోంది.

"మేడమ్," అంది అమ్మాయి పక్క మంచం చూపిస్తూ, "కూసేది అది."

అక్కడ రిటైరైన లెక్కల మాస్టారున్నారు. కదలొద్దమ్మకి అత్యంత ప్రియమైన పేషెంటు. కదలరు, మెదలరు, శిలావిగ్రహంలా పడుకుంటారని రోజూ ఆయన్నే ఆదర్శంగా చూపించేది. ఆ విగ్రహం గుర్రుపెట్టి నిద్రపోతూ, సూదులున్న చేతిని మడిచి బుగ్గ కింద పెట్టుకుంది. గొట్టం నలిగింది. తొక్కుతున్నవాణ్ణి ముగ్గురు కాపలా కాస్తుంటే, పడుకున్నవాణ్ణి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

కదలొద్దమ్మ మెల్లగా మాస్టారి చెయ్యి సాపు చేసింది. కూత ఆగింది.

"ఇప్పుడు కిటికీలోంచి మాస్టార్ని పడేద్దామా తల్లీ?" అన్నాడు దర్జీ, తొక్కుతూనే.

"నోరు కదలొద్దు బాబాయ్," అంది కదలొద్దమ్మ. కాళ్ళ సంగతి ఎత్తలేదు.

వారాలు గడిచాయి. కిర్రుకిర్రుమని పెడళ్ళరిగాయి. మాస్టారు కూడా, నిద్రపట్టక, తనకొకటి కావాలన్నారు. ఒకనాడు మంచమెక్కే ముందు దర్జీ, "వెళ్ళొస్తా," అని వార్డు చివర మరుగుదొడ్లోకి దూరి తలుపు వేసుకున్నాడు. అలవాటు ప్రకారం కదలొద్దమ్మ చక్రాల కుర్చీతో బయట కాపలా నిలబడింది. అమ్మాయి వచ్చింది, వెనకే టెక్నీషియను.

లోపల నీళ్ళ చప్పుడు. తర్వాత నిశ్శబ్దం. తర్వాత ఒక మూలుగు. ధబ్బున ఏదో శబ్దం.

"అయ్యో, మళ్ళీ కూలబడ్డాడు! నే వెళ్ళి లేపుతా," అని టెక్నీషియను తలుపు మీద చెయ్యేశాడు.

"కదలొద్దు!" అంది కదలొద్దమ్మ.

అతను రాయైపోయాడు. ఆవిడ తలుపుకి చెవి ఆనించి, "బాబాయ్, బాగానే ఉన్నావా?" అంది.

"ఉన్నా తల్లీ. ఇంకోసారి చూస్తా. ఎవర్నీ రానీకు."

కుర్చీ పిడిని పిసికేస్తోంది కదలొద్దమ్మ. లోపల ఊపిరి ఎగబీల్చిన చప్పుడు. గోడమీద అరచెయ్యి రాసుకున్న చప్పుడు. తర్వాత చెప్పుల చప్పుడు. తలుపు తెరుచుకుంది.

దర్జీ నిలబడున్నాడు. నుదుటి నిండా చెమట. పంచె కాస్త పక్కకి తిరిగినా, మనిషి మాత్రం నిటారుగా ఉన్నాడు.

"ఇవాళ రాత్రి అల్లుడి మొహం చూసి మాట్లాడతానమ్మా," అన్నాడు.

కదలొద్దమ్మ కుర్చీని కాలితో గోడ పక్కకి తన్నింది. ముక్కు ఎగబీల్చుకుని, అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"చేతులు కడుక్కున్నావా?"

దర్జీ నాలుక కరుచుకుని మళ్ళీ లోపలికి నడిచాడు.